సొమ్ము ఆమెది, పుస్తకం మనది

(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో కార్యవర్గం తరఫున చదివిన ప్రసంగ పాఠం)



పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, స్త్రీనిధి వసూళ్లు ఎంత అన్నవి ఈ పుస్తకం ముందు పేజీల్లో ఉన్నాయి. వాటిని మళ్లీ చదివి మీ పొద్దు తీసుకోము. ఎజెండాలో చివరన ఉన్న ఒక్క విషయం గురించే మాట్లాడతాము. ఒక టీచరమ్మ మన మండలం ఆడపిల్లల కాలేజీ చదువుకు కొంత సొమ్ము రాసిస్తానని వచ్చింది. ఆ సొమ్ము మనం పట్టుకోవాలా వద్దా, పట్టుకుంటే ఎట్ల పట్టుకోవాలె అన్నది ఈరోజు మీరే తేల్చాలి. కార్యవర్గంలో మేము మూడు సమావేశాలు కూర్చున్నాము. మాలో మాకే మాట కుదరలేదు. అందుకే మీ ముందుకు తెచ్చాము.

ఆమె పేరు ఇక్కడ చెప్పడం లేదు, పుస్తకంలోనూ వేయడం లేదు. ఆమే వద్దన్నది. "ఫ్లెక్సీ కట్టిస్తే ఆ పైసలు కూడ పిల్లలకే ఇయ్యున్రి" అన్నది. మన ఏజెన్సీ ఊళ్లల్లో చాలా ఏండ్లు పనిచేసి రిటైరైన మనిషి. మనలో కొందరికి అక్షరాలు దిద్దించింది ఆమే. ఆఫీసుకు వచ్చిన రోజు మాతో అన్న మాట ఇది: "నా చేతికింద చదివిన ఆడపిల్లల పేర్లు చెప్పమంటే చానా మందివి చెప్త. డిగ్రీ పట్టా చేతికొచ్చినోళ్లను చెప్పమంటే రెండు చేతుల వేళ్లు చాలు."

ఆ మాట మనకు కొత్తది కాదు. ఇంటర్ దాకా బిడ్డలు ఎట్లనో వస్తున్నరు. ఆశ్రమ పాఠశాలలున్నాయి, కస్తూర్బా బడులున్నాయి, గురుకులాలున్నాయి. తర్వాత నర్సంపేటకో, మహబూబాబాద్‌కో, హనుమకొండకో పోవాలె. ములుగులో సమ్మక్క సారక్క పేరు మీద కేంద్ర గిరిజన విశ్వవిద్యాలయం కూడ వచ్చింది. ట్యూషన్ ఫీజుకు సర్కారు రీయింబర్స్‌మెంటు ఉంది. ఆర్టీసీ బస్సుల్లో 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు టికెట్టు లేదు. మరి ఇంకేం అడ్డం అని పట్నంలో ఉన్నవాళ్లు అడుగుతారు. అడ్డం జూన్, జూలై నెలలే. దోస్త్‌లో సీటు వచ్చేదీ, ఇక్కడ విత్తనాలు ఎరువులు కొనేదీ ఒక్కటే కాలం. ఎండాకాలం తునికాకు పైసలు, ఇప్పపువ్వు పైసలు అప్పటికే కర్చయితయి. ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ గడువు లోపల చేయకపోతే సీటు పోతది. ఆ వారం రోజుల్లో ఇంట్లో ఉన్న రెండు మూడు వేలు పత్తి గింజలకు పెట్టాల్నా, బిడ్డకు పెట్టాల్నా? పత్తి గింజలకు పెట్టిన తల్లిని మేము తప్పు పట్టము. మేము కూడ గట్లనే పెట్టినం. ఆ తర్వాత హాస్టల్ డిపాజిట్, పెట్టె, దుప్పటి, పుస్తకాలు, రికార్డులు, పరీక్ష ఫీజు ఒక్కొక్కటే వస్తయి. ఏ ఒక్కటీ పెద్దది కాదు. అన్నీ కలిస్తే బిడ్డ ఇంట్లోనే ఉండిపోతది. ఆ మరుసటేడు పెళ్లి మాట వస్తది.

కాబట్టి టీచరమ్మ ఇస్తానన్న సొమ్ము దేనికి పనికొస్తుందో మనకు ఒకరు చెప్పనవసరం లేదు. మాట కుదరనిది అది ఎట్ల ఇవ్వాలె, ఎట్ల ఉంచాలె అన్నదాని దగ్గరే.

మొదట ఆమె వచ్చినప్పుడు ఉన్నదంతా ఇస్తానన్నది. రిటైరైనప్పుడు వచ్చిన గ్రాట్యుటీ, జీపీఎఫ్ డబ్బులు, బ్యాంకులో దాచుకున్నవి, అన్నీ. "నాకు పెన్షన్ వస్తది, నాకేం కావాలె" అన్నది. మేము సంతోషంతో చప్పట్లు కొట్టాలి కదా. కొట్టలేదు. మా కోశాధికారి అక్క టేబుల్ మీద పది మక్క గింజలు పోసింది. "అమ్మా, ఇవి మీ దగ్గర ఉన్న సొమ్ము అనుకోండి. ఎవరికెన్నో మీరే జరపండి" అన్నది.

ఈ పద్ధతి మాది కాదు, ఒక సంగతి విని నేర్చుకున్నది. అమెరికాలో మిసిసిపి రాష్ట్రంలో హ్యాటీస్‌బర్గ్ అనే ఊళ్లో ఒసియోలా మెకార్టీ అనే నల్లజాతి ఆమె ఉండేది. 1908లో పుట్టింది. ఆరో తరగతిలో ఉండగా పిన్ని జబ్బు పడితే చూసుకోవడానికి బడి మానేసింది, మళ్లీ పోలేదు. జీవితమంతా ఊరి వాళ్ల బట్టలు ఉతికి, ఇస్త్రీ చేసి బతికింది. కారు లేదు, పెళ్లి లేదు. వచ్చిన దాంట్లో కొంచెం కొంచెం బ్యాంకులో వేసేది, తీసేది కాదు. మన పొదుపు పుస్తకం ఎట్లనో అట్లనే, కాకపోతే సంఘం లేకుండా ఒక్కతే. చేతులకు కీళ్లనొప్పులు వచ్చి పని మానే నాటికి ఎనభై ఏండ్లు దాటినయి. అప్పుడు బ్యాంకు వాళ్లు పిలిచి, మీ తర్వాత ఈ సొమ్ము ఎవరికి అని అడిగారు. లెక్క చెప్పడానికి అక్కడి చిన్న నాణేలు పది ఆమె ముందు పెట్టారు. ఒకటి చర్చికి అన్నది. మూడు తన బంధువులకు, ఒక్కొక్కరికి ఒకటి. మిగిలిన ఆరూ తమ ఊళ్లోనే ఉన్న సదరన్ మిసిసిపి విశ్వవిద్యాలయంలో చదువుకునే పేద పిల్లలకు అన్నది. ఆ ఆరు నాణేల వంతు లెక్క కడితే సుమారు 1,50,000 డాలర్లు. 1995లో ఈ సంగతి బయటికొచ్చింది.

ఆమె ఆ సొమ్మును ఆరోజే చెక్కు రాసి ఇచ్చేయలేదు. బ్యాంకు చూసుకునేటట్లు ట్రస్టు కాగితం రాసింది. బతికినన్నాళ్లు తన అవసరాలకు ఆధారం ఉండేటట్లు, తర్వాత కాలేజీ వంతు కాలేజీకి పోయేటట్లు. మరి స్కాలర్‌షిప్ ఆమె పోయినంక గాని మొదలు కాదు కదా అనుకుంటాము. ఆ ఊరి వాళ్లు ఆమెను చూసి తలా కొంత వేసి అంత మొత్తం పోగేశారు, అదే ఏడు మొదటి అమ్మాయికి స్కాలర్‌షిప్ అందింది. ఆమె కళ్లతో చూసింది. 1999లో చనిపోయింది. బట్టలు ఉతికే ఆమెకు హార్వర్డ్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చిందంటే మనవాళ్లు నమ్మరు, ఇచ్చింది.

మన దగ్గర ఇట్లాంటిది లేదా అంటే ఇంకా పాతది ఉంది. కందుకూరి వీరేశలింగం గారు. ఆయన బడి పంతులు. ధవళేశ్వరంలో 1874లో ఆడపిల్లల బడి పెట్టారు. 1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించారు. ఆ పని చేసినందుకు ఊరు వాళ్లను వెలేసింది. వంటమనిషి రాలేదు, నీళ్లు తెచ్చేవాళ్లు రాలేదు. అప్పుడు ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గోదావరి నుంచి బిందెతో నీళ్లు మోసింది, ఆసరా వెతుక్కుంటూ వచ్చిన వితంతువులకు వండిపెట్టింది. పుస్తకాల్లో ఆయన పేరు మీద పేజీలు పేజీలు ఉంటయి. ఆమె బిందె గురించి ఒక వాక్యం ఉంటది. మనం ఆడవాళ్లం కాబట్టి ఆ వాక్యం దగ్గర కొంచెంసేపు ఆగుతాము.

మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో తెలుగు పండితుడిగా చేసి, ఉద్యోగం నుంచి తప్పుకున్నాక ఆయన రాజమండ్రి తిరిగొచ్చారు. వాళ్లకు కడుపున పుట్టిన పిల్లలు లేరు. వీలునామా రాసిపెట్టి ఊరుకుంటే సరిపోయేది. అట్ల చేయలేదు. హితకారిణి సమాజం అని ఒక ధర్మసంస్థ పెట్టి, తమ యావదాస్తినీ దానికి రాసి, బతికుండగానే పని నడిపించారు. రాజ్యలక్ష్మమ్మ 1910లో పోయింది. ఆయన 1919 మే 27న పోయారు. ఇద్దరూ పోయి నూరేండ్లు దాటింది. రాజమండ్రిలో ఇప్పుడు ఆడపిల్లల డిగ్రీ కాలేజీ ఒకటి శ్రీ కందుకూరి రాజ్యలక్ష్మి పేరు మీద ఉంది. ఎస్కేఆర్ కాలేజీ అంటారు. కాలేజీ మెట్టెక్కని మనిషి పేరు మీద ఎందరో బిడ్డలు పట్టాలు తీసుకుంటున్నరు.

ఆస్తి ఇచ్చినోళ్లు దేశంలో ఎందరో ఉన్నరు. ఇచ్చిన తర్వాత ఏమైందన్నదే అసలు సంగతి. ఓ పెద్దమనిషి బడికని జాగ ఇస్తడు, ఆయన పోయినంక మనవలొచ్చి కంచె వేస్తరు. మనం చూడనిది కాదు. వీరేశలింగం గారు మనుషుల మీద వదిలేయకుండా ఒక సంస్థను నిలబెట్టి, దానికి నియమాలు రాసి, తాను కూడ వాటికి కట్టుబడి పనిచేశారు. మెకార్టీ బ్యాంకును నిలబెట్టింది. మన టీచరమ్మ మనల్ని నిలబెడుతున్నది. అందుకే మాకు భయమైంది.

మక్క గింజల దగ్గరికి వద్దాము. ఆమె మొదట పదికి పది ఆడపిల్లల వైపు తోసింది. మా సీసీ మేడమ్ అడిగింది: "అమ్మా, రేపు మోకాలు ఆపరేషన్ అంటే? హనుమకొండలో నాలుగు రోజులు పడుకుంటే?" ఆమె కాసేపు చూసి నాలుగు గింజలు వెనక్కి తీసుకుంది. "కొడుకుకు, బిడ్డకు?" అని అడిగాము. రెండు కొడుకుకు, రెండు బిడ్డకు జరిపింది. ఆడపిల్లల వైపు రెండు మిగిలినయి. ఆమె ముఖం చిన్నబోయింది. "గింతేనా?" అన్నది. అప్పుడు మా కార్యదర్శి చెల్లె అన్నది, "మీ నాలుగు గింజలు మీరు బతికినన్నాళ్లు మీవే. మీరు పోయినంక అందులో మిగిలింది పిల్లలకని రాయండి." ఆమెకు ఆ మాట నచ్చింది. రెండు గింజలు ఇప్పుడే, మిగిలినవి ముందే రాసిపెట్టి తర్వాత. దానం చేయడానికి వచ్చిన మనిషిని తక్కువ ఇయ్యమని చెప్పి పంపినం. నవ్వకున్రి. డెబ్బై ఏండ్ల మనిషిని చేతులు ఖాళీ చేయించి, రేపు ఆమె మందుబిళ్లకు కొడుకు మొఖం చూసే పరిస్థితి వస్తే ఆ పాపం మన సంఘానిదే.

పిల్లలకు తెలియకుండా ఇస్తే తీసుకోము అని కూడ చెప్పాము. ఇది మాలో ఒకరిద్దరికి నచ్చలేదు. "ఆమె కష్టార్జితం, ఆమె ఇష్టం, కొడుకును అడగాల్నా?" అన్నరు. చట్టం ప్రకారం నిజమే, సొంత సంపాదన ఎవరికైనా రాయొచ్చు. కానీ కోర్టులో గెలిచే హక్కు ఒకటి, ఇంట్లో పండుగకు కలిసి కూర్చునే సుఖం ఒకటి. ఆమె బిడ్డ వచ్చింది, కొడుకు ఫోన్‌లో మాట్లాడిండు. కొడుకు మొదట కోపం చేసిండు, అబద్ధం చెప్పము. "మా అమ్మను ఎవరో చెప్పి ఒప్పించిన్రు" అన్నడు. మక్క గింజల లెక్క చెప్పినంక మెత్తబడ్డడు. పదీ అటే తోసిందని, మేమే వెనక్కి ఇప్పించినమని విన్నాక ఇంకేమీ అనలేదు.

ఇప్పుడు కాగితాల సంగతి. ఇది మీ ఇండ్లల్లో కూడ పనికొస్తది కాబట్టి కొంచెం విడమరచి చెబుతాము.

బ్యాంకు డిపాజిట్‌కు నామినీగా మన సమాఖ్య పేరు పెడితే సరిపోతదని ఆమె అనుకున్నది. సరిపోదు. బ్యాంకు డిపాజిట్‌లో నామినీ అంటే డబ్బు చేతికి అందుకునే మనిషి, అంతే. ఆ డబ్బు ఎవరిది అన్నది వారసత్వమో వీలునామానో తేలుస్తది. మనలో ఎంతమంది భర్తల ఖాతాలకు నామినీలుగా ఉండి, అంతా మనదే అనుకుంటున్నమో చూసుకోండి. అందుకని తర్వాత ఇచ్చే వంతుకు వీలునామా రాయించాలి. వీలునామా తెల్లకాగితం మీద రాసినా చెల్లుతది. ఇద్దరు సాక్షులు ఆమె సంతకం చూసి తామూ సంతకం చేయాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ, చేయిస్తే రేపు ఇది ఆమె సంతకమేనా అన్న మాట తేలిగ్గా రాదు. సాక్షులుగా మన కార్యవర్గం వాళ్లు ఉండొద్దని నిర్ణయించాము. లాభం పొందే వాళ్లే సాక్షి సంతకం పెడితే చూసేవాళ్లు ఏమనుకుంటరు? ఇంకొకటి, వీలునామా బతికినన్నాళ్లు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. రేపు ఆమె మనసు మారితే మనం అడగడానికి లేదు. ఆ హక్కు ఆమె చేతిలో ఉండడమే మంచిది. మనం సరిగ్గా లెక్క చూపకపోతే మార్చేసుకుంటది, అది మనకు భయం కూడ.

పెన్షన్ వీలునామాలో రాసేది కాదు. మనిషితోనే ఆగిపోతది.

ఊళ్లో ఉన్న ఇంటి జాగ కూడ ఇస్తానన్నది, మేము వద్దన్నాము. మన గంగారం ఏజెన్సీ. ఇక్కడ 1959 నాటి భూ బదలాయింపు నిబంధన, 1970లో సవరించిన మీదట అందరూ వన్ ఆఫ్ సెవెంటీ అనేది, నడుస్తది. దాని ప్రకారం ఇక్కడి స్థిరాస్తిని, ఇచ్చేవాళ్లు ఎవరైనా సరే, గిరిజనులకో, గిరిజనులు మాత్రమే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికో తప్ప అమ్మినా, దానమిచ్చినా చెల్లదు. మన సమాఖ్యలో కోయ అక్కలున్నరు, లంబాడ అక్కలున్నరు, ఎస్సీ, బీసీ, మైనారిటీ అక్కలు కూడ ఉన్నరు. కాబట్టి ఆ జాగ మనం పట్టుకోలేము. ఆ చట్టం మన ఆదివాసీ భూములను కాపాడుతున్నది. స్కాలర్‌షిప్ కోసమైనా దానికి తూటు వెతకడం మన పని కాదు. కాలేజీ చదువుకు నగదు చాలు.

ఇప్పుడు మాలో మాట కుదరని చోటు. ఆమె ఇప్పుడిచ్చే సొమ్మును ఏం చేయాలి? ముగ్గురు అక్కలు గట్టిగా అన్నరు, "బ్యాంకులో వేస్తే ఏడు రూపాయలు. మన సంఘాల్లో తిప్పితే నూటికి రూపాయి వడ్డీ, ఏడాదికి పన్నెండు. ఎక్కువ మంది పిల్లలకు ఇయ్యొచ్చు." లెక్క తప్పు కాదు. మనకు అప్పులిచ్చి వసూలు చేసుడు తెలిసినంతగా ఇంకేదీ తెలువదు. కానీ మన పరిధిలోనే ఒక గ్రామ సంఘంలో ఏం జరిగిందో కొందరికి తెలుసు. ఊరి పేరు చెప్పము. ఆడపిల్లల చదువు కోసమని సంఘాలన్నీ వేసుకున్న పైసలను, ఖాళీగా ఎందుకు ఉండాలని అప్పుగా తిప్పిన్రు. రెండేండ్లు బాగనే నడిచింది. మూడో ఏడు వానలు ముంచినయి, పత్తి నల్లబడ్డది, కిస్తీలు ఆగినయి. అప్పు తీసుకున్నోళ్లు దొంగలు కాదు, మనలాంటోళ్లే. కానీ జూన్‌లో ఒక బిడ్డకు ఇస్తామన్న పైసలు దసరా దాటినంక అందినయి. అప్పటికి ఆ బిడ్డ సీటు పోయింది. ఆ తీర్మానం మీద సంతకం పెట్టినవాళ్లలో ఇద్దరు ఇప్పుడు ఈ కార్యవర్గంలో ఉన్నరు. ఈ సంగతి ఇక్కడ చెప్పుమని మాతో అన్నది వాళ్లే.

అందుకని కార్యవర్గం తరఫున మేము పెట్టే ప్రతిపాదన ఇది. ఈ సొమ్ము వేరే ఖాతాలో ఉండాలి. సామాజిక పెట్టుబడి నిధిలో కలపరాదు, స్త్రీనిధి కిస్తీకి సర్దరాదు, ఒక్కరోజుకైనా అప్పు ఇవ్వరాదు. జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా ఉండాలి. అసలు తీయరాదు, వడ్డీ కూడ మొత్తం తీయరాదు. ఎందుకంటే, 5 లక్షలు అనుకుందాం. ఏడు శాతం వడ్డీ అయితే ఏడాదికి 35,000. అందులో 25,000 పిల్లలకు ఇచ్చి, 10,000 అసల్లో కలుపుదాము. ఏటా అట్లనే అసలు నూటికి రెండు చొప్పున పెరిగితే పదేండ్లకు 6 లక్షల 9 వేలు దాటుతది. మొత్తం వడ్డీ పంచేస్తే అసలు 5 లక్షలే ఉంటది, అప్పటికి పెట్టె, దుప్పటి, పుస్తకాలు అన్నిటి ధరలు పెరిగి ఉంటయి. ఇప్పుడు ముగ్గురు బిడ్డలకు సరిపోయే పైసలు అప్పుడు ముగ్గురికి సరిపోవు. రెండు శాతం కలిపినా ధరలను పూర్తిగా అందుకోలేము, అది మాకు తెలుసు. మెకార్టీ ఊరి వాళ్లు చేసినట్టు మనం కూడ ఏటా గ్రామ సమాఖ్యకు ఇంత అని వేసుకుంటే ఆ తేడా పూడుతది. అది వేరే తీర్మానం, ఈరోజు బలవంతం లేదు. అభయహస్తంలో 2009లో రోజుకో రూపాయి కట్టినోళ్లం, చిన్న మొత్తం అంటే మనకు చిన్నచూపు లేదు.

ఎవరికి ఇవ్వాలి అన్నదాని మీద టీచరమ్మతోనే మాకు వాదన అయింది. ఆమెది టీచర్ బుద్ధి. "మార్కులు ఎక్కువొచ్చినోళ్లకు ఇయ్యున్రి" అన్నది. మార్కులు ఎక్కువొచ్చిన బిడ్డకు ఎవరో ఒకరు తోవ చూపుతరు, సీటు పెద్ద కాలేజీలో వస్తది. పాసై, ఇంటికాడ కూర్చున్న బిడ్డ సంగతేంది? తల్లి ఒక్కతే ఉన్న బిడ్డ, తండ్రి తాగి పడుండే ఇంటి బిడ్డ, అక్కడ మార్కులు ఎక్కడి నుంచి వస్తయి? చాలాసేపు అయినంక ఆమె ఒప్పుకున్నది, ఒక షరతు పెట్టి. మొదటేడు ఫెయిలైనా ఆపొద్దు, రెండోసారి రాయించండి, ఆ తర్వాతే ఆపండి అన్నది. ఆ షరతు మాకు తట్టలేదు. తరగతి గదిలో ముప్పై ఏండ్లు నిలబడ్డ మనిషికి తట్టింది.

ఇంకొక నియమం ఉంది, దానికి మీలో కొందరికి కోపం వస్తది. మండల సమాఖ్య, గ్రామ సమాఖ్య పదాధికారుల బిడ్డలకు వాళ్లు పదవిలో ఉన్నన్నాళ్లు ఇది లేదు. మా కోశాధికారి అక్క బిడ్డ ఈ ఏడే ఇంటర్ పాసైంది, అవసరం ఉన్న ఇల్లే. ఆమే ఈ నియమం రాయమన్నది. "మొదటి చెక్కు నా బిడ్డకు పోతే ఆ పుస్తకాన్ని ఇగ ఎవ్వరూ నమ్మరు" అన్నది. ఆమె బిడ్డ కోసం వేరే తోవ చూస్తున్నాము, అది ఈ నిధి నుంచి కాదు.

ఎంపికలో టీచరమ్మ కూర్చోదు. అది కూడ ఆమే అన్నది. తెలిసిన మొఖాలు చూస్తే చెయ్యి అటే పోతదట. పక్క మండలం సమాఖ్య నుంచి ఒకరు, ఇంటర్ కాలేజీ నుంచి ఒక లెక్చరర్, మన నుంచి ఇద్దరు. లెక్క ఏటా ఈ వార్షిక పుస్తకంలో ఒక పేజీ మీద వేస్తాము: అసలు ఎంత, వడ్డీ ఎంత వచ్చింది, ఎంత ఇచ్చాము, ఎంత కలిపాము. పిల్లల పేర్లు వేయము. సాయం తీసుకున్నదని కాలేజీలో ఎవరూ వేలు చూపొద్దు. మన సమాఖ్య 1995 పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద రిజిస్టర్ అయింది కాబట్టి ఆడిట్ ఎట్లనూ ఉంటది. ఈ ఖాతాను ఆ ఆడిట్‌లో వేరుగా చూపమని అడుగుతాము. మన బైలాలో ఇట్లాంటి నిధి పట్టుకునే మాట స్పష్టంగా లేదు. బైలా సవరణ తీర్మానం కూడ ఈరోజే పెడుతున్నాము. సవరణ రిజిస్టర్ అయ్యేదాకా టీచరమ్మ దగ్గర ఒక్క రూపాయి తీసుకోము.

పోయిన వారం ఆమె బిడ్డ మళ్లీ వచ్చింది. ఆమె ఒకటి అడిగింది. తల్లి పోయినంక వీలునామా ప్రకారం సొమ్ము ఇచ్చేనాటికి మీలో ఎవరుంటరు అని. మేము జవాబు చెప్పలేకపోయాము. పదవులు మారుతయి, మేమూ ముసలోళ్లం అయితము, కొందరం ఉండము. ఆమె దప్పిచ్చుకున్నట్టు నవ్వి, "అయితే నా బిడ్డ పేరు కూడ రాసుకోండి, లెక్క అడిగే మనిషిగ" అన్నది. అంటే టీచరమ్మ మనవరాలు. ఇప్పుడు తొమ్మిదో తరగతి చదువుతున్నది. ఆమెకు పద్దెనిమిది ఏండ్లు నిండినాక ఏటా ఈ సమావేశానికి వచ్చి ఆ ఒక్క పేజీ అడిగి చూసే హక్కు ఆమెకు ఉంటదని తీర్మానంలో చేర్చాము. మూడో పేరాలో ఉంది, చూడండి.

తీర్మానం కాపీలు గ్రామ సమాఖ్యకు ఒకటి చొప్పున పంచుతున్నారు. చదువు రాని అక్కల కోసం వీఓఏలు చదివి వినిపిస్తరు. అన్నాలు తిన్నాక చేతులెత్తి ఓటు. వద్దనుకున్నోళ్లు వద్దని ఎత్తండి, ఎందుకో కూడ చెప్పండి. టీచరమ్మ బయట వేపచెట్టు కింద కూర్చున్నది. లోపలికి రమ్మన్నా రాలేదు.